కేదార్‌నాథ్ చలికి నాలుగు రసాయన పొట్లాలు: వాడి చూశాక రాస్తున్న సమీక్ష

నిరుడు అక్టోబరు రెండో వారంలో నేను, నా శ్రీమతి, మా బావమరిది కలిసి కేదార్‌నాథ్ వెళ్లి వచ్చాం. గౌరీకుండ్ నుంచి ఆలయం దాకా సుమారు 16 కిలోమీటర్ల కొండదారి, పైన 3,583 మీటర్ల ఎత్తు, రాత్రిపూట నీళ్లు గడ్డకట్టే చలి. మా ముగ్గురిలో ఇద్దరికి అరవై దాటాయి, మా బావమరిదికి మధుమేహం ఉంది. అందుకని బయలుదేరే ముందు నాలుగు రకాల వస్తువులు ఆన్‌లైన్‌లో తెప్పించాను. మొదటిది గాలి తగిలితే వేడెక్కే ఇనుప పొడి పొట్లం, రెండోది లోపలి బిళ్లను నొక్కగానే గడ్డకట్టి వేడినిచ్చే సంచి, మూడోది నిప్పు లేకుండా అన్నం వేడిచేసే పెట్టె, నాలుగోది గుద్దితే చల్లబడే సంచి. జూనియర్ కళాశాలలో ముప్పై ఏళ్లు రసాయన శాస్త్రం చెప్పిన అలవాటు ఊరుకోనివ్వదు కాబట్టి, ప్రతి రకంలోనూ ఒకదాన్ని హైదరాబాదులో మా ఇంట్లోనే థర్మామీటరు, వంటింటి కాటా ముందు పెట్టుకుని పరీక్షించి, మిగిలినవాటిని వెంట తీసుకువెళ్లాను. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఒకే సరుకు పది పేర్లతో అమ్ముడవుతోంది, లోపలి పదార్థాలు ఇంచుమించు ఒకటే కాబట్టి, పైనున్న పేరు కన్నా లోపల జరిగే చర్య ఏమిటో తెలియడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగం.

ఈ నాలుగింటి అట్టల మీదా నాకు కనిపించిన ఉమ్మడి లోపం ఒకటుంది. ప్రతివారూ ఉష్ణోగ్రతనే పెద్ద అక్షరాల్లో వేస్తున్నారు, ఉష్ణం ఎంతో ఎవరూ చెప్పడం లేదు. ఒకరు గరిష్ఠం 65 డిగ్రీలు అంటారు, ఇంకొకరు 54 అంటారు, చల్లని సంచి వారు సున్నా దగ్గరకు దించుతామంటారు. నిజానికి రసాయన చర్య మనకు ఇచ్చేది ఉష్ణోగ్రతను కాదు. ఇన్ని గ్రాముల పదార్థం చర్యలో పాల్గొంటే ఇన్ని కిలోజౌళ్ల ఉష్ణం వెలువడుతుంది, లేదా అంతే ఉష్ణం లోపలికి పోతుంది. ఆ లెక్క హైదరాబాదులోనైనా హిమాలయాల్లోనైనా దాదాపు మారదు. ఆ ఉష్ణంతో దేన్ని, ఎంత బరువున్నదాన్ని, ఏ ఉష్ణోగ్రత దగ్గర మొదలుపెట్టి వేడిచేస్తున్నామన్న దాన్నిబట్టి థర్మామీటరు అంకె తేలుతుంది. ఈ తేడా పట్టించుకోకుండా కొంటే ఇంట్లో బ్రహ్మాండంగా పనిచేసిన వస్తువు కొండమీద ఎందుకు మొహం చాటేసిందో అర్థం కాదు. మాకు ఒక వస్తువు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది.

ముందుగా ఇనుప పొడి పొట్లాల సంగతి. 1970ల చివర జపాన్‌లో బాగా అమ్ముడుపోవడం మొదలైన ఈ పొట్లాలు ఇప్పుడు మన చలి ప్రాంతాల యాత్రికులందరికీ పరిచయమే. గాలి చొరబడే గుడ్డ సంచిలో సన్నని ఇనుప పొడి, కొంచెం నీరు, ఉప్పు, ఉత్తేజిత బొగ్గు, తేమను పట్టి ఉంచే వర్మిక్యులైట్ కలిపి, పైన గాలి చొరబడని కవరు వేస్తారు. కవరు చింపగానే గాలిలోని ఆక్సిజన్ లోపలికి వెళ్లి ఇనుము తుప్పు పట్టడం మొదలవుతుంది. సముద్రపు ఒడ్డున కిటికీ ఊచలకు నెలల తరబడి పట్టే తుప్పు ఇక్కడ పది గంటల్లో పడుతుంది, అంతకు మించి కొత్త రహస్యమేమీ లేదు. ఊచకు తుప్పు పడుతున్నప్పుడూ వేడి పుడుతూనే ఉంటుంది, కాకపోతే అది పుట్టిన వెంటనే గాలిలో కలిసిపోవడం వల్ల మన చేతికి తెలియదు. పొట్లంలో ఇనుమును పొడిగా చేసి ఉపరితలం విపరీతంగా పెంచారు, ఉప్పునీటితో చర్యను తొందరపెట్టారు.

పొట్లంతో వచ్చిన కరపత్రంలో "ఇనుములోని బంధాలు తెగి అందులో దాగిన శక్తి బయటికి వస్తుంది" అని రాసి ఉంది. పరీక్ష పేపర్లలో నేను ఎర్ర సిరాతో కొట్టేస్తూ వచ్చిన వాక్యమే అచ్చులో కనిపించేసరికి కొంచెం బాధ కలిగింది. బంధం తెగడానికి శక్తి పెట్టుబడి పెట్టాలి, తెగినందువల్ల శక్తి రాదు. ఇనుప పరమాణువులను ఒకదాని నుంచి ఒకటి విడదీయడానికీ, ఆక్సిజన్ అణువును రెండుగా చీల్చడానికీ ఖర్చు అవుతుంది. ఆ తరువాత ఇనుము, ఆక్సిజన్ కలిసి గట్టి బంధాలు ఏర్పడేటప్పుడు తిరిగి వచ్చేది ఆ ఖర్చు కన్నా చాలా ఎక్కువ. ఆ మిగులే మన చేతికి తగిలే వేడి. ఇలా మిగులు వచ్చే చర్యను ఉష్ణమోచక చర్య అనీ, లోటు పడి పరిసరాల నుంచి వేడిని లాక్కునే చర్యను ఉష్ణగ్రాహక చర్య అనీ పదో తరగతి పిల్లలు కూడా చెబుతారు. సరుకు అమ్మేవారు ఆ పాఠం ఒకసారి తిరగేస్తే బాగుండేది.

ఇనుము విషయంలో ఈ మిగులు గ్రాముకు 7 కిలోజౌళ్లకు కాస్త పైన ఉంటుంది. నేను కొన్న పొట్లం బరువు 45 గ్రాములు. అందులో ఇనుమెంతో అట్ట మీద లేదు; సుమారు సగం ఇనుమనుకుంటే, మొత్తం 150 కిలోజౌళ్లకు పైగా వేడి రావాలి. దాన్ని పది గంటల మీద పంచితే 4 వాట్లు పైచిలుకు అవుతుంది, అంటే పాత తరహా ఫోను ఛార్జరు ఇచ్చే 5 వాట్ల కన్నా తక్కువ. ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లే 70, 80 వాట్ల వేడిని పుట్టిస్తుంది కాబట్టి, రెండు పొట్లాలు జేబులో వేసుకుంటే శరీరమంతా వెచ్చబడుతుందన్న ప్రకటన నమ్మదగినది కాదు. వేళ్లు కొంకర్లు పోకుండా కాపాడటం వరకే వీటి పని, ఆ పనిని మాత్రం ఇవి చక్కగా చేస్తాయి. ఒళ్లంతా వెచ్చబడాలంటే పొట్లం కన్నా నెయ్యి నయం: 10 గ్రాముల నేతిలో సుమారు 90 కిలోకేలరీలు, అంటే 375 కిలోజౌళ్లు ఉంటాయి. నా శ్రీమతి సున్నుండలు కట్టుకుని రావడం వెనుక ఈ లెక్క లేదు గానీ ఫలితం మాత్రం లెక్క ప్రకారమే వచ్చింది.

పాత పద్ధతిలో కుంపటి ఎలా ఉంటుందని ఒకరు నన్ను అడిగారు. బొగ్గు గ్రాముకు సుమారు 33 కిలోజౌళ్లు ఇస్తుంది, ఇనుముకు నాలుగింతల కన్నా ఎక్కువే. కానీ కుంపటి జేబులో పట్టదు, తలుపులు మూసిన గుడారంలో కుంపటి పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్‌తో ప్రాణమే పోవచ్చు. తుప్పు పట్టే ఇనుము ఏ వాయువునూ వదలదు, పైపెచ్చు ఆక్సిజన్‌ను తానే తీసుకుంటుంది. ఆ భద్రతకే మనం డబ్బు చెల్లిస్తున్నాం.

కొండమీద ఈ పొట్లం ఎలా నడిచిందో చెప్పాలి. హైదరాబాదులో 27 డిగ్రీల గదిలో, చొక్కా జేబులో పెట్టిన పొట్లం 52 డిగ్రీల దాకా వెళ్లింది. కేదార్‌నాథ్‌లో రాత్రి ఎనిమిది గంటలకు కవరు చింపితే అరగంట తరువాత కూడా 38 దాటలేదు. "బావా, ఇది పాత సరుకు అంటగట్టారు" అని మా బావమరిది తేల్చేశాడు. సరుకు పాతది కాదు. ఆ ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో మూడింట రెండు వంతులే, ఆక్సిజన్ కూడా అంతే తగ్గుతుంది, కాబట్టి ఇనుముకు అందే మేత తగ్గుతుంది. చలికి చర్య వేగం ఇంకా మందగిస్తుంది, పుట్టిన వేడి బయటికి పోవడం మాత్రం ఎక్కువవుతుంది. ఈ మూడూ కలిసి ఉష్ణోగ్రతను దించేశాయి. అయితే మొత్తం ఉష్ణం తగ్గలేదు, నెమ్మదిగా వచ్చింది. ఇంట్లో తొమ్మిది గంటల్లోనే చల్లారిన పొట్లం అక్కడ తెల్లవారి పది గంటలకు కూడా గోరువెచ్చగా ఉండటమే దానికి సాక్ష్యం. దీపావళికి కాల్చే కాకరపువ్వొత్తిలో నిప్పురవ్వలై రాలేదీ ఇనుప రజనే. అక్కడ క్షణంలో మండి మెరుస్తుంది, ఇక్కడ పద్నాలుగు గంటలు కునుకుతూ తుప్పు పడుతుంది. మొదలూ చివరా ఒకటే అయితే, దారి ఏదైనా మొత్తం ఉష్ణం మారదని హెస్ అనే రసాయన శాస్త్రవేత్త 1840లోనే చెప్పాడు.

ఆ లెక్కను ఇంకొంచెం వెనక్కి లాగితే ఇంకో సంగతి కనిపిస్తుంది. ఇనుప ఖనిజం అంటే స్థూలంగా ఇనుము, ఆక్సిజన్ కలిసిన పదార్థమే. విశాఖ ఉక్కు కర్మాగారం వంటి చోట కొలిమిలో బొగ్గు మండించి, ఎంతో శక్తి ఖర్చుపెట్టి, ఆ ఆక్సిజన్‌ను ఊడదీసి ఇనుము తీస్తారు. పొట్లంలోని ఇనుము తిరిగి తుప్పుగా మారుతున్నప్పుడు మన అరచేతికి అందేది ఆ కొలిమిలో పెట్టిన శక్తిలో ఒక భాగం. చలిలో నిద్ర పట్టక నేను ఆలోచించుకున్న మాటలివి, వస్తువు నాణ్యతతో వీటికి సంబంధం లేదు.

వాడేవారికి రెండు సూచనలు. ఈ పొట్లానికి గాలి ఆడాలి. బిగుతైన బూటులో అడుగున పెడితే నలిగి, గాలి అందక ఆగిపోతుంది. పాదాలకు వేరే రకం అమ్ముతారు, చేతి పొట్లాన్ని అక్కడ పెట్టకూడదు. అలాగే సగం వాడాక అవసరం తీరితే జిప్ కవరులో వేసి గాలంతా నొక్కేసి మూస్తే చర్య నిలిచిపోతుంది, మరునాడు బయటికి తీస్తే మళ్లీ మొదలవుతుంది. మేము ఇలా రెండు పొట్లాలను రెండేసి రోజులు వాడాం. ఇక హెచ్చరిక ఒకటి: 44 డిగ్రీల వస్తువైనా ఆరు గంటల పాటు ఒకే చోట చర్మానికి ఆనుకుని ఉంటే కాలిన గాయం అవుతుంది. పాదాల్లో స్పర్శ తగ్గిన మధుమేహులు నిద్రపోయేటప్పుడు దీన్ని సాక్సులో పెట్టుకోవడం ప్రమాదం. మా బావమరిది ఆ పని చేయబోతుంటే నేనే లాక్కున్నాను. ఈ హెచ్చరిక అట్ట వెనుక భూతద్దంతో చదవాల్సినంత చిన్న అక్షరాల్లో ఉంది.

రెండో వస్తువు, నొక్కితే గడ్డకట్టే సంచి. చూడటానికి పారదర్శకంగా ఉండి లోపల చిన్న లోహపు బిళ్ల తేలుతూ ఉంటుంది. బిళ్లను టక్కుమనిపించగానే దాని చుట్టూ తెల్లని స్ఫటికాలు పుట్టి, కొన్ని సెకన్లలో సంచి నిండా పాకుతాయి. పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా అందమైన వస్తువు లేదు. లోపల ఉన్నది సోడియం ఎసిటేట్, నీరు కలిసిన ద్రవం. ఆ ఉప్పు 58 డిగ్రీల దగ్గర కరుగుతుంది, తిరిగి చల్లబరిస్తే ఆ ఉష్ణోగ్రత దగ్గరే గడ్డకట్టాలి గానీ, మొదటి స్ఫటికం పుట్టడానికి ఆధారం దొరకక గది ఉష్ణోగ్రతలోనూ ద్రవంగానే మొండికేస్తుంది. బిళ్ల నొక్కినప్పుడు ఆ ఆధారం దొరుకుతుంది, అప్పటిదాకా దాచుకున్న గుప్తోష్ణం ఒక్కసారిగా బయటపడుతుంది. నిక్కచ్చిగా చెప్పాలంటే ఇది కొత్త పదార్థం పుట్టే రసాయన చర్య కాదు, స్థితి మార్పు. అమ్మేవారు అట్ట మీద "రసాయన చర్య" అని వేశారు. దానికి మార్కులు తగ్గించను, లోపల జరిగే శక్తి లెక్క ఒకే తరహాది.

నా సంచి 130 గ్రాములు. ఇంట్లో బిళ్ల నొక్కితే నిమిషంలో 53 డిగ్రీలకు వచ్చింది, 40 నిమిషాల తరువాత ఒంటి వెచ్చదనానికి దిగింది. చలిలో ఇది చల్లారేలోగా ఇచ్చే వేడి నా లెక్కన 30 కిలోజౌళ్లకు అటూ ఇటూ ఉంటుంది, అంటే మూడింతల బరువుండి ఇనుప పొట్లంలో అయిదో వంతు వేడి. అయినా ఇనుప పొట్లం చేయలేని పని దీనికి చేతనవుతుంది: వేడి వెంటనే వస్తుంది. 12 వాట్ల చొప్పున వచ్చే ఆ వేడికి గడ్డకట్టిన వేళ్లు రెండు నిమిషాల్లో దారికి వస్తాయి. గాలితో పని లేదు కాబట్టి ఎత్తు దీన్ని ఏమీ చేయలేదు, కేదార్‌నాథ్‌లోనూ 53 డిగ్రీలే చూపింది. నాలుగు వస్తువుల్లోనూ అట్ట మీది అంకె కొండమీద కూడా నిజమైంది దీని విషయంలోనే. కారణం స్పష్టమే, గడ్డకట్టే ఉష్ణోగ్రత ఆ పదార్థపు స్వభావం, పరిసరాలది కాదు.

మళ్లీ వాడాలంటే మరిగే నీటిలో పది పదిహేను నిమిషాలు ఉంచాలి. పైన నీరు 88 డిగ్రీలకే మరుగుతుంది, పప్పు ఓ పట్టాన ఉడకదు. అయితే దీనికి 58 దాటితే చాలు కాబట్టి ఇబ్బంది రాలేదు. టీ దుకాణం అతను ఇరవై రూపాయలు తీసుకుని తన గిన్నెలో మరిగించి ఇచ్చాడు. మొదటిసారి తొందరపడి ముందే తీయించాను. మూలన బియ్యపు గింజంత తెల్లని పలుకు కరగకుండా మిగిలింది, సంచి చల్లారుతుండగానే ఆ పలుకు మీదుగా అంతా తిరిగి గడ్డకట్టి కూర్చుంది. ఒక్క పలుకు కూడా మిగలకుండా కరిగించాలన్న మాట కరపత్రంలో ఉండాలి, లేదు. ఇంకో చికాకు ఏమిటంటే, వీపు సంచిలో సామాన్ల ఒత్తిడికి బిళ్ల తనంతట తానే టక్కుమని, అవసరం లేనప్పుడు వేడినంతా బట్టలకు ధారపోసింది. స్టీలు టిఫిను డబ్బాలో పెట్టి తీసుకెళ్లడం మేలని రెండో రోజు తెలుసుకున్నాం.

దీన్ని పర్యావరణానికి మేలు చేసే వస్తువుగా ప్రచారం చేస్తున్నారు. వందలసార్లు వాడవచ్చన్నది మంచి మాటే గానీ, సంచిలో పట్టే వేడి 40 కిలోజౌళ్ల చిల్లర అయితే, దాన్ని కరిగించడానికి మరిగించే లీటరు నీటికే 335 కిలోజౌళ్లు కావాలి. ఎలాగూ నీళ్లు మరిగించే సమయంలో ఆ గిన్నెలో వేస్తేనే లాభం, దీని కోసమే పొయ్యి వెలిగిస్తే గ్యాసు దండగ.

ఇక మూడోది, నన్ను బాగా నిరాశపరిచినది, నిప్పులేని భోజనపు పెట్టె. పై గదిలో 300 గ్రాముల రాజ్మా అన్నం, కింది గదిలో 60 గ్రాముల పొడి పొట్లం. కింద నీళ్లు పోసి మూత పెడితే పదిహేను నిమిషాల్లో పొగలు కక్కే భోజనం అని హామీ. ఆ పొడి మనకు తెలియనిదేమీ కాదు, కాల్చిన సున్నం. సంక్రాంతికి ముందు వెల్ల వేయడానికి గుల్ల సున్నం కుండలో వేసి నీళ్లు పోస్తే అది గుడగుడలాడుతూ పొంగడం, పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా పెద్దలు కేకలేయడం మా తరం వారందరికీ గుర్తే. కాల్షియం ఆక్సైడ్ నీటితో కలిసి కాల్షియం హైడ్రాక్సైడ్ అయ్యేటప్పుడు గ్రాముకు 1.16 కిలోజౌళ్ల వేడి వస్తుంది.

ఇంట్లో ఈ పెట్టె పనితనం చూసి నేనే మెచ్చుకున్నాను. అన్నం 29 డిగ్రీల నుంచి 62కు చేరింది, హాయిగా తిన్నాం. కొండదారిలో భీంబలి అనే మజిలీ దాటాక ఒక బండమీద కూర్చుని ఇంకో పెట్టె విప్పాం. ఆవిరి బాగానే వచ్చింది, పదిహేను నిమిషాలు ఆగాం, మూత తీసి థర్మామీటరు గుచ్చితే 42 డిగ్రీలు. నాలుక మీద పెట్టుకుంటే పొద్దున వండిన అన్నంలా ఉంది, రాజ్మా గింజలు మధ్యలో చల్లగానే ఉన్నాయి. పెట్టె చెడిపోలేదని చెప్పడానికి లెక్క వేసి చూపాలి. 60 గ్రాముల సున్నం నుంచి సుమారు 70 కిలోజౌళ్లు వస్తాయి. అందులో సగం ఆవిరికీ, పెట్టె గోడలకూ, పోసిన నీటికీ పోతుందనుకుంటే అన్నానికి అందేది 35. ఆ అన్నాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కిలోజౌలు పైచిలుకు కావాలి, కాబట్టి పెరుగుదల 33 డిగ్రీలు. ఇంట్లోనూ సరిగ్గా అంతే పెరిగింది, కొండమీదా దాదాపు అంతే పెరిగింది. ఇంట్లో మొదలైంది 29 దగ్గర, అక్కడ మొదలైంది 9 దగ్గర. ఈ పెట్టె అమ్మేది 33 డిగ్రీల పెరుగుదలను, అట్ట మీద చెప్పుకునేది పొగలు కక్కే భోజనాన్ని. చలి ప్రాంతాల యాత్రికులకు ప్రత్యేకమని ముద్రించి, చలి ప్రాంతంలోనే చాలని మోతాదు పెట్టడం నాకు క్షమించదగినదిగా తోచలేదు. సున్నం ఇంకో 40 గ్రాములు పెంచితే సరిపోయేది, దానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

కొన్ని కంపెనీల పొడిలో అల్యూమినియం కూడా కలుపుతారు. దానివల్ల వేడి పెరుగుతుంది గానీ హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కాబట్టి దగ్గర్లో అగరువత్తి కూడా వెలిగించకూడదు. విమానాల్లో ఇలాంటి పెట్టెలను సాధారణంగా అనుమతించరు, మేము రైలులో వెళ్లాం కాబట్టి సరిపోయింది. తిన్నాక మిగిలే సున్నపు ముద్ద చర్మాన్ని, కళ్లను మండిస్తుంది. దాన్ని దారి పక్కన పారేయకుండా గట్టి కవరులో కట్టి కిందికి తేవాల్సి వచ్చింది, మోసిన బరువుకు తగ్గ భోజనం మాత్రం దక్కలేదు. అదే దారిలో దుకాణాల్లో వేడివేడి మాగీ, పరాఠా దొరుకుతున్నప్పుడు ఈ పెట్టె అవసరం ఎవరికో ఆలోచించుకోవాలి.

నాలుగో వస్తువు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. చల్లని సంచిలో ఒక పొరలో నీళ్లు, మరో పొరలో తెల్లని గుళికలు ఉంటాయి. గుద్దితే పొర పగిలి గుళికలు కరుగుతూ వేడిని లాక్కుంటాయి. పూర్వం ఎక్కువగా అమ్మోనియం నైట్రేట్ వాడేవారు. అది పేలుడు పదార్థాల తయారీకి పనికొస్తుంది కాబట్టి మన దేశంలో 2012 నాటి నియమావళి కింద దాని అమ్మకం మీద ఆంక్షలున్నాయి. నేను కొన్నదానిలో ఉన్నది యూరియా. పైరు మీద పిచికారీకి డ్రమ్ములో యూరియా కలిపిన రైతు ఎవరినడిగినా నీళ్లు జిల్లుమంటాయని చెబుతారు, అదే ఈ సంచి. రైతుకు 45 కిలోల బస్తా 266 రూపాయల యాభై పైసలు, ఆ లెక్కన ఈ సంచిలోని 60 గ్రాముల విలువ ముప్పై అయిదు పైసలు; నేను చెల్లించింది తొంభై రూపాయలు. రాయితీ యూరియాను ఇలాంటి సరుకుల తయారీకి మళ్లించడం నేరం, కంపెనీలు వేరే ధరకు కొనాల్సిందే కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదని ఒప్పుకుంటాను.

ఇంట్లో ఇది 29 నుంచి 9 డిగ్రీలకు దిగి, ఇరవై నిమిషాలు చల్లగా ఉంది. ఇక్కడా అదే సూత్రం: సంచి అమ్మేది 20 డిగ్రీల తగ్గుదల. మే నెలలో విజయవాడ మైదానంలో 42 డిగ్రీల ఎండలో పడి ఉన్న సంచిని గుద్దితే 22కు దిగుతుంది, అది చల్లదనం అనిపించుకోదు. సంచిలోని గుళికలు, నీరు కలిపి 160 గ్రాములు. అంతే బరువున్న ఐసు కరగడానికే 53 కిలోజౌళ్లను మింగుతుంది, ఈ సంచి మింగేది అందులో నాలుగో వంతు. ఫ్రిజ్ అందుబాటులో ఉన్నవారు దీన్ని కొనడం అనవసరం. దిగేటప్పుడు నా శ్రీమతికి చీలమండ బెణికితే సంచి బయటికి తీశాను గానీ, పక్కనే మందాకిని పారుతుండగా నీళ్లలో ముంచిన తువ్వాలే అంతకన్నా బాగా పనిచేసింది. సంచి మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

వేడిని మింగే మార్పు ఎవరూ బలవంతపెట్టకుండా తనంతట తాను ఎలా సాగుతుందని మా బావమరిది అడిగాడు. మంచి ప్రశ్నే. వేడి వదలడం ఒక్కటే చర్యను నడిపించదు. బారులు తీరిన స్ఫటికంలోని అణువులు నీటిలో చెదిరిపోయినప్పుడు పెరిగే క్రమరాహిత్యానికీ అందులో వాటా ఉంది. యూరియా విషయంలో ఆ వాటా పెద్దది కాబట్టి వేడి లెక్కలో నష్టం వచ్చినా కరగడం ఆగదు. టీ చల్లారిపోతోందని అతను అంతకు మించి వినలేదు.

వచ్చే ఏడాది బదరీనాథ్ వెళ్లాలని అనుకుంటున్నాం. మనిషికి రోజుకు రెండు చొప్పున ఇనుప పొట్లాలు, ముగ్గురికీ కలిపి టక్కుమనే సంచి ఒకటి, దానికి ఒక స్టీలు డబ్బా తీసుకెళతాను. ఇనుప పొట్లాలు కొనేటప్పుడు తయారీ తేదీ చూడాలి, కవరును వేళ్లతో తడిమి లోపలి పొడి వదులుగా ఉందో గట్టి ముద్దయిందో కూడా చూడాలి. ముద్దయితే గాలి చొరబడి ఇనుము అప్పటికే తుప్పు పట్టేసిందని అర్థం, ఇక దాని నుంచి వేడి రాదు. మాకు వచ్చిన పన్నెండింటిలో ఒకటి అలాగే ఉంది, అమ్మినవారికి ఫొటో పంపితే డబ్బు వెనక్కి ఇచ్చారు. భోజనపు పెట్టె ఇంకొకటి మిగిలింది, దాన్ని ఏప్రిల్లో, అన్నం 35 డిగ్రీల దగ్గర మొదలయ్యే రోజున విప్పుతాను.